పస్కాకి ముందు అత్త అడిగిన క్షమాపణ

పస్కా దగ్గర పడిందంటే, నా చిన్నప్పుడు, మా ఇంట్లో దోసెల పిండి రుబ్బడం ఆగిపోయేది. పులిసినది ఏదీ ఇంట్లో ఉండకూడదు. బేకరీ బన్నులు, డబల్ రొట్టె, అటక మీద మర్చిపోయిన రస్కులు, అన్నీ బయటికి పోవాల్సిందే. డబ్బాలన్నీ బోర్లించి దులిపేవాళ్ళం. పిండి పులిసి పొంగినట్టే మనిషిలో పాపం కూడా చడీచప్పుడు లేకుండా పొంగుతుందనీ, ఇల్లు దులుపుకుంటూ మనసు కూడా దులుపుకోవాలనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. ఊళ్ళో మిగతా క్రైస్తవులు గుడ్ ఫ్రైడే, ఈస్టరు చేసుకుంటుంటే, కంచరపాలెంలో ఒక పెంకుటింట్లో కూడే మా చిన్న సంఘం మాత్రం ఏడాదికోసారి పస్కా ఆచరించేది. యేసు చివరి రాత్రి భోజనానికి గుర్తుగా ఆ సాయంత్రం ఒకరి కాళ్ళు ఒకరు కడిగి, పులియని రొట్టె విరిచి, ద్రాక్షరసం తాగేవాళ్ళు. దానికి ముందు వారమంతా ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవాలి. ఎవరితోనైనా తగువుంటే వెళ్ళి తీర్చుకోవాలి.

ఇప్పుడు నా జుట్టంతా నెరిసిపోయింది. పెందుర్తిలో మనవల మధ్య ఉంటున్నాను. అయినా ఆ ఏడాది పస్కా గురించి చెప్పబోతే ఇప్పటికీ వద్దనుకున్నా కోపం వస్తుంది. నిజం చెప్పాలంటే, వద్దని నేనెప్పుడూ అనుకోలేదు.

మా నాన్న ఓడరేవులో కళాసీ. ఓడల్లోంచి బస్తాలు దించే గ్యాంగులో పనిచేసేవాడు. ఆ గ్యాంగుకి మేస్త్రీ మా సంఘ పెద్దే. ఆదివారం మా ముందు నిలబడి ప్రార్థన నడిపించే మనిషే సోమవారం మా నాన్నని పనికి పంపేవాడు. మన మనిషి పైన ఉన్నాడు, మనకేం భయం అని అమ్మ వీధిలో గొప్పగా చెప్పుకునేది.

ఒకరోజు బస్తాలు ఎత్తే తాడు నలిగిపోయి పీచులు లేచి ఉంది. నాన్న దాన్ని ఆయనకి చూపించాడు. ఇప్పుడు కట్టినవి దించెయ్యండి, తర్వాత మారుద్దాం అన్నాడాయన. తాడు తెగింది. బస్తాలన్నీ నాన్న కుడికాలి మీద పడ్డాయి. కాలు తీసేయాల్సిన పని పడలేదు గానీ పాదం పక్కకి తిరిగిపోయింది. కర్ర లేకుండా నాన్న మళ్ళీ నడవలేదు.

అంతవరకే అయితే మా రాత అనుకుని ఊరుకునేవాళ్ళమేమో. కానీ ఓడరేవులో విచారణ జరిగినప్పుడు సంఘ పెద్ద చెప్పిన మాట వేరు. నాన్న ఆ పొద్దున్న తాగి వచ్చాడట. తూలుతూ నిలబడ్డాడట. బస్తాలు జారుతున్నా తప్పుకోలేకపోయాడట. తాడు ఊసే ఎత్తలేదు. పక్కనున్న కళాసీలు కూడా మేస్త్రీ చెప్పిందే మా మాట అన్నారు. వాళ్ళకీ తెల్లారితే పని కావాలి కదా. నాన్న పని పోయింది.

మా నాన్న జన్మలో సారా ముట్టినవాడు కాదు. అలాంటి మనిషికి ఊరంతా తాగుబోతని పేరు పెట్టింది. బడిలో నన్ను తాగుబోతు కూతురా అని పిలిచేవారు. సంఘంలో మా పక్కన కూర్చునే ఆడవాళ్ళు చాప మీద కాస్త అవతలికి జరిగి కూర్చునేవారు. ఆ జరగడం నాకు బడిలో మాట కన్నా ఎక్కువ మండేది. ఒక ఆదివారం నాన్న కర్ర ఊతంగా లేచి, నేను తాగలేదు, పెద్దగారు చెప్పింది అబద్ధం అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అయినా నాన్న కాలు ఎలా విరిగిందన్నది పక్కకి పోయి, ఆ ఒక్క మాట పెద్ద నేరమై కూర్చుంది.

పస్కా ఇంకో నాలుగైదు రోజులుందనగా ఒక మధ్యాహ్నం అయ్యగారు మా ఇంటికొచ్చారు. అయ్యగారంటే మా పాస్టరు. అమ్మ చాప వేసింది. మా అత్త పెరటి గుమ్మంలో కూర్చుని, మిగిలిపోయిన దోసెల పిండి పారబోసి గిన్నె తోముతోంది. అత్త నాన్నకి అక్క. భర్త పోయాక మాతోనే ఉండేది. ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. గట్టిగా మాట్లాడే మనిషి, గట్టిగా ఏడ్చే మనిషి కూడా.

అయ్యగారు మెత్తగానే మొదలుపెట్టారు. పస్కా వస్తోంది తమ్ముడూ అన్నారు. సంఘమంతటి ముందు ఒక పెద్దని పట్టుకుని అబద్ధికుడన్నావు. ఆ చేదు గుండెలో పెట్టుకుని రొట్టె ముట్టుకుంటే నీకే కీడు. నిన్ను నువ్వు పరీక్షించుకో. ఆయన దగ్గరికెళ్ళి క్షమాపణ అడిగి, సమాధానపడి, అప్పుడు రా.

నాన్న తన తిరిగిపోయిన పాదం వంక చూసుకుంటూ, "సరేనండి. ఎల్తానండి. నాలోనే ఏదో ఉండుంటాది" అన్నాడు.

ఆ సరే అన్న మాట ఉంది చూశారూ, సంఘ పెద్ద ఆడిన అబద్ధం కన్నా అది నన్ను ఎక్కువ కాల్చింది. విరిగిన కాలుతో, పోయిన పేరుతో కూర్చున్న మనిషి, తప్పు తనలోనే వెతుక్కుంటున్నాడు. వెతుక్కోమని చెప్పిన మనిషి అమ్మ ఇచ్చిన టీ చల్లార్చుకుంటున్నాడు.

అత్త గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. 

"అయ్యగారూ, మీరు ఆ ఇంటికి కూడా ఎల్లొచ్చినారేటి?"

"ఏ ఇంటికమ్మా?"

"పెద్దాయన ఇంటికి. పరీచ్చ సేసుకోమని ఆయనకి కూడా సెప్పినారేటి, నేకపోతే కాలిరిగినోడికేనా?"

అయ్యగారి ముఖం కొంచెం మారింది. ఆయన సంగతి దేవుడు చూసుకుంటాడనీ, ఎవరిని వాళ్ళే పరీక్షించుకోవాలని వాక్యం చెబుతోందనీ అన్నారు.

"అలగైతే నా తమ్ముణ్ణి మీరెందుకు పరీచ్చ సేత్తన్నారు?"

అయ్యగారు టీ గ్లాసు కింద పెట్టి, ప్రార్థన కూడా చేయకుండానే లేచి వెళ్ళిపోయారు. అమ్మ భయపడిపోయింది. నాన్న కర్ర కోసం తడుముకుంటుంటే అత్త దాన్ని తీసి గోడకి ఆనించేసింది. "నువ్వెల్లకు. నానెల్తాను. ఆయనకి నాను సెప్పుకోవాల్సినది ఒకటుంది" అంది. చీర మార్చుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

అత్త వెళ్ళి ఆయన్ని తిట్టి కడిగేస్తుందనుకున్నాను. అది చూడాలనే వెంట వెళ్ళాను. రైలు పట్టాలు దాటాక అత్త ఆగి, ఆయన మీద నీకు కోపముందా అని నన్నడిగింది. ఉందన్నాను.

"ఆయన్ని గానీ, ఆయన పిల్లల్ని గానీ నువ్వేటైనా సేసినావేటి అమ్మీ?"

లేదన్నాను.

"అలగైతే నువ్వడగాల్సినదేటీ నేదు. కోపం వచ్చినందుకు సెమాపన అడగక్కర్నేదు. నా పక్కన ఊరికే నిలబడు" అంది.

సంఘ పెద్ద వరండాలో కుర్చీ వేసుకుని కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుకుంటున్నాడు. పక్కన ఆయన భార్య గోధుమపిండి జల్లిస్తోంది. ఏటా పస్కాకి పులియని రొట్టె కాల్చేది ఆవిడే. మమ్మల్ని చూడగానే ఆవిడ తలొంచుకుంది. కూర్చోమన్నా అత్త కూర్చోలేదు.

"అన్నయ్యా, పస్కా వస్తంది కదా, నన్ను నాను సూసుకున్నాను" అని మొదలుపెట్టింది. "నా తమ్ముడు పడ్డ కాణ్ణించి రోజూ పడుకునే ముందు దేవుణ్ణి ఒకటే అడిగినాను. నీ కొడుక్కి కూడా ఇలగే అవ్వాలని. ఆడి కాలు కూడా ఇరగాలని. ఆ కుర్రోడు నాకేటీ సెయ్యనేదు. ఎదురుపడితే అత్తా అని పలకరిస్తాడు. అది నా పాపం. దానికి నన్ను సెమించు." తర్వాత ఆవిడ వైపు తిరిగి, "వదినా, నువ్వు కన్నతల్లివి. నువ్వు కూడా సెమించు" అంది.

జల్లెడ ఆగిపోయింది. అత్త కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తిడుతుందని వస్తే ఈ మనిషి ముందు ఏడుస్తోందేమిటి అనుకున్నాను. 

సంఘ పెద్ద కళ్ళజోడు తీశాడు. ఆయన ముఖంలో ఒక తృప్తి కనపడింది. అది నేను ఈనాటికీ మర్చిపోలేదు. "క్షమించానమ్మా. మీ ఇంట్లో ఒక్కరికైనా ప్రభువు కళ్ళు తెరిపించాడు. మీ తమ్ముడు కూడా ఇలాగే తగ్గించుకుని వస్తే..." అంటూ ప్రార్థన చేయడానికి చెయ్యెత్తాడు.

"నా తమ్ముడు రాడు" అంది అత్త. కళ్ళు తుడుచుకుంది. "నువ్వు అబద్ధమాడినావన్నాడు. అది నిజం. నిజం సెప్పినందుకు ఎవులూ సెమాపన అడగరు. నాది నాను సెప్పుకున్నాను. నీది నువ్వు సూసుకో. నీ వంతు కూడా నా తమ్ముడు మోయడు."

ఎత్తిన చెయ్యి దించి ఆయన లేచి అరిచాడు. ఇంటి మీదికొచ్చి బెదిరిస్తున్నావా అన్నాడు. బెదిరించడానికి నా కాడ ఏటుంది అని అత్త మెట్లు దిగేసింది.

తిరిగి వస్తుంటే నేను అత్త చెయ్యి విదిలించుకున్నాను. అలాంటివాణ్ణి నువ్వెందుకు క్షమాపణ అడిగావని దెబ్బలాడాను. అత్త రోడ్డు పక్కన ఒక గోడ నీడలోకి నన్ను లాగి నిలబెట్టి, నెమ్మదిగా చెప్పింది. ఆడి కోసం కాదే, ఆ కుర్రోడి కోసం అడిగినాను అంది. ఆయన చేసిన తప్పు పెద్దదే గానీ, దాన్ని అడ్డం పెట్టుకుని తను చేసింది దాచుకోకూడదంది. రెండూ కలిపేస్తే ఎవరి తప్పు ఎవరిదో తెలీకుండా పోతుందట. అలా కలిపేయడమే ఆ పెద్దాయనకి కావాలట. అప్పుడందరూ తలో కాస్త తప్పు చేశారని చెప్పి, కాళ్ళు కడిగేసుకుని ఇంటికి పోవచ్చునట. నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం పస్కా సాయంత్రం అర్థమైంది.

ఆ సాయంత్రం పొద్దుగుంకేసరికి పెంకుటిల్లు నిండిపోయింది. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. మధ్యలో పళ్ళాలు, నీళ్ళ బిందెలు, మడతపెట్టిన తువ్వాళ్ళు. కాళ్ళు కడిగే వేళయ్యాక అయ్యగారు సంఘ పెద్దని మా నాన్న ఎదుటికి పంపారు. అందరూ చూడాలనే అలా పంపారు. పెద్దాయన తువ్వాలు నడుముకి చుట్టుకుని నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంత తగ్గింపు అన్నట్టు ఎవరో నిట్టూర్చారు. ఆయన నాన్న కుడిపాదం వైపు చెయ్యి చాచాడు.

నాన్న కాలు వెనక్కి తీసుకున్నాడు.

మెల్లగానే మాట్లాడాడు గానీ గది అంతా విన్నది. "అయ్యా, మీ కాళ్ళు నాను కడుగుతాను. నావి మీరు కడగొద్దు. మీరు కడిగీసినారంటే, మీరు సెప్పినది కూడా కడిగీసినట్టే అయిపోద్ది."

అని, కర్ర పట్టుకుని కష్టపడి కిందికి దిగాడు. వంగని కాలు పక్కకి చాపుకుని, ఆయన రెండు పాదాలూ పళ్ళెంలో పెట్టి కడిగాడు. వేళ్ళ మధ్య కూడా తుడిచాడు. చూస్తున్న నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పెద్దాయన మాత్రం పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు.

అదే సమయంలో ఆడవాళ్ళ వైపు పెద్దాయన భార్య తనంత తానే వచ్చి మా అత్త ముందు కూర్చుంది. నేను అత్త పక్కనే ఉన్నాను. ఆవిడ నీళ్ళలో పెట్టిన చేతులు కదలడం మానేశాయి. "వదినా, మీ తమ్ముడు ఆ రోజు తాగలేదు" అంది, నాకూ అత్తకీ మాత్రమే వినపడేలా.

"నాకు తెలుసు. సెప్పాల్సినది నాకు కాదు కదమ్మా" అంది అత్త. కోపంగా అనలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అంది.

ఆవిడ లేచి నిలబడింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మగవాళ్ళ వైపు తిరిగి, పెద్ద గొంతుతోనే చెప్పింది. "ఆ తమ్ముడు ఆ రోజు తాగలేదు. తాడు సంగతి బయటికి రాకూడదని మా ఆయనా గ్యాంగువాళ్ళూ మా ఇంట్లోనే కూర్చుని ఆ మాట అనుకున్నారు. వాళ్ళకి కాఫీలిచ్చింది నేనే."

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే నేను ఇదంతా మొదలుపెట్టాను. ఒక్కరంటే ఒక్కరు, నిజమా అని ఆయన్ని అడిగి ఉంటే చాలు. ఎవరూ అడగలేదు. అయ్యగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు. చప్పట్లు కొడుతూ పాడారు. బతికిపోయామన్నట్టు అందరూ అందుకున్నారు. నిలబడి ఉన్న ఆవిడ మీద, తడి చేతులతో కింద కూర్చున్న మా నాన్న మీద ఆ పాట కప్పేశారు. పెద్దాయన కూడా పాడాడు. వారమంతా తమని తాము పరీక్షించుకుని వచ్చినవాళ్ళు వాళ్ళంతా.

రొట్టె పళ్ళెం వచ్చింది. పెద్దాయన తీసుకున్నాడు, నమిలాడు, మింగాడు. నాకింకా బాప్తిస్మం కాలేదు కాబట్టి రొట్టె ముట్టే పని లేదు, అందరినీ చూస్తూ కూర్చున్నాను. ఆ రొట్టె కాల్చిన ఆవిడ మాత్రం తినకుండా పళ్ళెం పక్కకి అందించేసింది. నాన్న తీసుకున్నాడు. అత్త కూడా తీసుకుంది. ఆయనతో కలిసి ఎలా తిన్నావని ఇంటికొచ్చాక అత్తని అడిగాను. "నాను నాది సూసుకుని ఎల్లినాను. ఆయన తిన్నాడని నాను మానీడమెందుకు?" అంది.

నాన్నకి పని తిరిగి రాలేదు. విచారణ ఎప్పుడో ముగిసిపోయిందన్నారు. ఇంటి దగ్గరే గోనెసంచులు కుట్టుకుంటూ బతికాడు. సంఘ పెద్ద ఇంకా చాలా ఏళ్ళు సంఘ పెద్దగానే ఉన్నాడు, మంచం పట్టి పోయేవరకూ. కాకపోతే గ్యాంగులో పనిచేసిన కళాసీలు ఒక్కొక్కరే మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఒకాయన మాత్రం నాన్న చేతులు పట్టుకుని, తాడు నేనూ చూశాను బావా అని ఏడ్చాడు. తాగుబోతన్న మాట వీధిలో మెల్లమెల్లగా వినపడకుండా పోయింది.

ఆ మాట అన్నందుకు పెద్దాయన భార్య ఆ ఇంట్లో ఏం పడిందో మాకు పూర్తిగా తెలీదు. అత్త మాత్రం వారం వారం పట్టపగలు వెళ్ళి ఆ వరండాలో కూర్చుని వచ్చేది. ఆవిడకి అండగా ఒక మనిషి ఉందని ఆ ఇంట్లో అందరికీ కనపడాలనేది. ఆవిడ కొడుకు పెళ్ళికి మా ఇంటిల్లిపాదినీ పిలిచారు. అత్త వెళ్ళి, ఆ అబ్బాయి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు దీవించింది.

అత్త పోయి చాలా కాలమైంది. సంఘం ఇప్పుడు ద్వారకా నగర్‌లో ఒక హాల్లో కూడుతోంది. మొన్న పస్కాకి ముందు వారం, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఒక అమ్మాయిని అందరి ముందూ లేపి నిలబెట్టాడు. ఆ అమ్మాయి భర్త కొడుతున్నాడని ఎలమంచిలి నుంచి అమ్మగారింటికి వచ్చేసింది. చేదు వదిలేసి, భర్త దగ్గరికి తిరిగి వెళ్ళి సమాధానపడి, అప్పుడు రొట్టె తీసుకోమని చెప్పాడు. ఆ అమ్మాయి తలొంచుకుని సరేనండి అంది. 

నేను లేచాను. ఈ మధ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి గానీ ఆ పూట నొప్పి తెలీలేదు.

"బాబూ, ఆ భర్తని పిలిచి ఈ మాట చెప్పావా?" అని అడిగాను.

ఆయన విషయం ప్రార్థనలో పెట్టామమ్మా అన్నాడు.

"ఈ పిల్ల తను చేసిందేమైనా ఉంటే తను చూసుకుంటుంది. దెబ్బలు తిన్నందుకు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పదు. ఇలా వచ్చి కూర్చోమ్మా" అన్నాను. పక్కావిడ నా కొంగు పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు. ఆ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చునేవరకూ అలాగే నిలబడ్డాను. 

ఇంటికెళ్ళాక నన్ను నేను చూసుకున్నాను. ఆ కుర్రాణ్ణి అందరి ముందూ చిన్నబుచ్చాలన్న సరదా నాలో ఉందా అని వెతికాను. కొంచెం ఉంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఆ కొంచానికి క్షమాపణ అడిగాను. మిగతాదానికి అడగలేదు.